ఒడి నింపి ఇచ్చిన సెలవు

ఇందులో చెప్పే ప్రతి మాటా నిజం. మా మండీలో పాత ఇనుప తక్కెడ ఒకటి ఇంకా మూలన పడి ఉంది, దాని మీద చెయ్యి పెట్టి చెప్తున్నాను. ఇప్పుడు తూకాలన్నీ కరెంటు కాటాల మీదే. కానీ కరెంటు కాటా మీద ఒట్టు పెట్టుకుంటే, కరెంటు పోయినప్పుడు ఆ ఒట్టు చెల్లుతుందో లేదో నాకు అనుమానం. అందుకని పాత తక్కెడ. ఆదోని పత్తి మార్కెట్టులో నన్నెరిగినోళ్లు ఈ మాట చదివితే నవ్వుతారు. నవ్వనీ. వాళ్లు నవ్వుతారనే ముందుగా ఒట్టు పెడుతున్నాను.

మా పాపను చూసుకోనీకి ఎమ్మిగనూరు నుంచి ఒకామె వస్తా ఉండేది. నాకంటే కొంచెం పెద్ద. నేను అక్కా అని పిలిచేవాణ్ణి, ఆమె నన్ను అప్పా అనేది. మగ్గం ఇల్లు వాళ్లది. భర్త ఇప్పటికీ గుంటమగ్గంలో కూచొనే నేస్తాడు. ఒక్క మగ్గంతో ఇల్లు గడవక ఆమె మా ఇంటికొచ్చింది. సోమవారం పొద్దున ఆదోని బస్టాండులో దిగేది, శనివారం సాయంత్రం మళ్లీ బస్సెక్కేది. నడుమ దినాలన్నీ మాతోనే. నా భార్య ఆస్పరి పక్క ఒక పల్లె బడిలో టీచరు. నేను మండీలో గుమాస్తాని. మేమిద్దరం పొద్దున్నే బయటపడితే ఇంట్లో మిగిలేది పాపా, ఆమే.

పాప మాకు శానా ఆలస్యంగా పుట్టింది. ఆస్పత్రిలో నర్సు నా నెరిసిన తల చూసి, "తాతా, మీ అల్లుడు యాడ?" అని అడిగింది. నేను కూడా వెనక్కి తిరిగి చూసినాను, అల్లుడెవరన్నా వచ్చినాడేమోనని. ఇది కూడా నిజమే.

అక్క వచ్చిన మొదటి దినమే ఫ్యాను కొక్కేనికి తన పాత నేతచీర కట్టి ఉయ్యాల చేసింది. మేం కొన్న చక్రాల ఉయ్యాల్లో ఆ తర్వాత ఎర్రగడ్డలు పోసుకున్నాం. పాపకు పళ్లు వచ్చేటప్పుడు కొరకనీకి మగ్గం కండె ఒకటి ఇంటి నుంచి తెచ్చిచ్చింది. దారం చుట్టుకునే ఆ కట్టె ముక్క మీద మా పాప పళ్ల గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. పాప నోటి నుంచి మొదట వచ్చిన మాట అమ్మ కాదు, నాన్న కాదు, అక్కను చూసి అవ్వ. నా భార్య ఒక పూట ముఖం ముడుచుకుంది. మరుసటి పూట తనూ నవ్వింది.

నాకు ఆ ఇంట్లో అక్క ఇంకొక రకంగా కూడా కావాల్సిన మనిషి. నేను చెప్పేవి వినే మనిషి ఆమె ఒక్కతే. మండీలో నేను నోరు తెరిస్తే హమాలీలు బీడీలు ముట్టించుకుంటారు. నా భార్య అయితే, "అయిందా?" అంటుంది. అక్క మాత్రం పాపకు బొరుగుల ఉగ్గాని తినిపిస్తా, చెయ్యి నోటికీ గిన్నెకూ నడుమ ఆపి మరీ వినేది.

ఒక ఏడు మా మార్కెట్టుకు పత్తి ఎంత వచ్చిందంటే, గాలిదుమారం లేచి కుప్పలు కుప్పలుగా పైకి ఎగిరి, మబ్బై, ఆలూరు మీదికి పోయి కురిసింది. ఆలూరు రైతులు చేలల్లో ఏరుకొని, మూటలు కట్టి, మళ్లీ మా మండీకే తెచ్చి అమ్మినారు. నేనే తూకం వేసినాను. ఈ సంగతి చెప్పిన దినం అక్క చేతిలోని ముద్ద పాప నోట్లో పెట్టింది. పాప మూతి తుడిచి, అప్పుడు అనింది.

"పడుగు బాగుండాదప్పా. పేకే పడలేదు."

మగ్గం మీద నిలువు దారాలు పడుగు, అడ్డంగా పోయే దారం పేక. పడుగు ఎంత బాగున్నా పేక పడితేనే బట్ట. అంతటితో ఊరుకోకుండా ఆ పేక కూడా తనే వేసింది. ఆ పత్తిలో గింజలు కూడా ఉంటాయి గదా, అవి ఆలూరోళ్ల మిద్దెల మీద పడి మొలిచినాయని చెప్పు, మిద్దె మీద పంట పండినోడు ఎవడూ కాదనడు, అనింది. నేను చెప్పి చూసినాను. ఆలూరు నుంచి వచ్చిన ఒక రైతు తన మిద్దె మీద కూడా మొలిచిందన్నాడు.

అట్లా మూడేండ్లు జరిగిపోయినాయి.

ఎండాకాలం బడులు మూసినారు. నా భార్య ఇంట్లో కూచుంది, జీతం మాత్రం బ్యాంకులో పడింది. ఆ దినం అన్నం తింటా తింటా ఆమె చెయ్యి ఆగింది. నేను పని చెయ్యకపోయినా సర్కారు నాకు జీతమిస్తాంది, అక్క మూడేండ్లుగా ఆదివారం తప్ప ఒక్క సెలవు లేకుండా చేస్తాంది, మనమేం మనుషులం అని మొదలుపెట్టింది. జ్వరమొస్తే ఇచ్చిన సెలవు సెలవు కాదంట. చావుకు పోతే ఇచ్చింది అసలే కాదంట. ఊరికే ఇంట్లో కూచొనీకి, తన మొగుడి పక్కన కూచొని కాఫీ తాగనీకి ఇచ్చేదే సెలవంట, దానికి జీతం కూడా ఇయ్యాలంట. బడి ఒక్కటే కాదు, ఇల్లు కూడా పనిచేసే చోటేనంట. నేను ఒప్పుకున్నాను. టీచరు చెప్తే ఒప్పుకోక యాడికి పోతాం.

ఒప్పుకోంది అక్క. సెలవు తీసుకోమంటే, నేనేం తప్పు చేసినా అని అడిగింది. తప్పేం లేదు, జీతమిచ్చే సెలవు అంటే ఇంకా బెదిరిపోయింది. మా ఊర్లలో పనిమనిషికి చేతిలో డబ్బు పెట్టి కొన్నాళ్లు రావద్దని చెప్పడమంటే, మర్యాదగా మానిపించడమే. ఆ మాట ఆమె నోటితో అనలేదు గానీ, పాపను ఎత్తుకొని దించలేదు. నా భార్య ఎంత నచ్చజెప్పినా ఒకటే మాట. సెలవైతే తీసుకుంటా, జీతం మాత్రం వద్దు, పని చెయ్యని సేతికి కూలి తీసుకుంటే ఆ సెయ్యి మళ్లా పనికి వంగదు, అనింది.

అప్పుడు నా బుర్రకు ఒక ఉపాయం తట్టింది. దాన్ని తలచుకొని ఆ పూటంతా నాలో నేనే మురిసిపోయినాను.

ఆడబిడ్డను పుట్టింటి నుంచి అత్తగారింటికి సాగనంపేటప్పుడు ఒడి నింపుతాం. చీర కొంగు పట్టించి, అందులో బియ్యం, టెంకాయ, పసుపు కొమ్ములు, రవికె గుడ్డ పోస్తాం. ఒడిలో పడినదాన్ని ఆడబిడ్డ వెనక్కి ఇయ్యదు. ఇస్తే పుట్టింటికి మంచిది కాదు. ఇంకేం, జీతం కవరును బియ్యంలో కలిపేస్తే సరి. నా భార్య నావైపు అనుమానంగా చూసి, "ఇన్నేండ్ల బతుకులో నువ్వు చేసిన మంచి ఆలోచన ఇదొకటేనయ్యా," అనింది.

శనివారం సాయంత్రం చాప వేసి అక్కను కూర్చోబెట్టినాం. నా భార్య కుంకుమ పెట్టి ఒడి నింపింది. దోసిలితో బియ్యం పోసేటప్పుడు పాప కూడా చిన్న చేతులతో పోసింది, సగం చాప మీద పడినాయి. కవరు మూల బియ్యంలోంచి బయటికి కనిపిస్తానే ఉంది. అక్క దాన్ని చూసింది. నన్ను చూసింది.

"నీ పనేనా అప్పా ఇది?"

నేను మిద్దెను చూస్తా ఉండిపోయినాను. ఆమె కవరు మీదికి బియ్యం తోసి, కొంగు ముడి వేసుకుంది. తల్లి పోయినాక తనకు ఎవరూ ఒడి నింపలేదని, ముడి వేసుకుంటా నా భార్యతో చెప్పింది. లేచి దేవుని గూటికి మొక్కి, పాప నెత్తిన ముద్దు పెట్టి, చెప్పులేసుకొని నడిచింది. సందు మలుపు దాకా చూసినాం. వెనక్కి తిరగలేదు. ఎండ కండ్లలో పడుతుంది కాబోలు అనుకున్నాను.

రెండు వారాల సెలవు. మొదటి దినమే నా భార్య ఇంట్లో చట్టం చేసింది. అక్కకు ఫోన్ చెయ్యగూడదు. పాప అన్నం తినలేదని, జోలపాట ఏం పాడతావని అడిగితే, ఆమె ఎమ్మిగనూరులో కూచొని కూడా మన ఇంట్లో పని చేసినట్లే. సెలవంటే సెలవు.

పాప మొదట ఊరికే వెతికింది. తలుపు వెనక, పరుపు చుట్ట వెనక, నీళ్ల తొట్టి వెనక. తర్వాత వెతకడం మానుకొని, కండె పట్టుకొని గడప మీద కూచోవడం మొదలుపెట్టింది. ఉగ్గాని చేసినాం. ఇది అవ్వ ఉగ్గాని కాదని తోసేసింది. అవ్వ బొరుగులను నీళ్లలో ముంచి తీసి, ఒక్కసారి పిండి, చెవి దగ్గర పెట్టుకొని వినేదంట. ఏం వినేదో మాకు తెలీదు. నేనూ చెవి దగ్గర పెట్టుకొని విన్నాను. నీళ్లు చెవిలోకి పోయినాయి.

కథలు చెప్పినాను. అవ్వ చందమామకు చలేస్తాందని దుప్పటి నేయనీకి పోయిందన్నాను. ఎండాకాలం చలేందని అడిగింది. పైన గాలెక్కువ అన్నాను. మూడేండ్ల పిల్ల నన్ను ఎగాదిగా చూసింది.

"పేక పడలేదు నాన్నా."

ఆ మాటకు నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. లేచిపోయి మిద్దె మీద కాసేపు నిలబడినాను. ఆదోని కొండలు ఎండకు కాలి ఇనుప పెనాల్లా ఉన్నాయి. ఇంట్లో ఒక మనిషి లేకపోతే ఆ మనిషి చేసే పని ఆగిపోతుందని అందరికీ తెలుసు. ఆమె ఉన్నప్పుడు నా మాటకు ఉన్న రుచి కూడా ఆమెతోనే పోతుందని నాకు ఎవరూ చెప్పలేదు.

సెలవు అయిపోయిన సోమవారం నేనూ పాపా తలంటుకొని బస్టాండుకు పోయినాం. ఎమ్మిగనూరు బస్సు వచ్చింది. దిగినోళ్లు దిగినారు. కడపటి మనిషి దిగినాక పాప బస్సు మెట్టు దగ్గరికి పోయి లోపలికి తొంగి చూసింది. తర్వాతి బస్సు కూడా చూసినాం. మరుసటి దినం పోయినాం. ఆ మరుసటి దినం కూడా పోయినాం. సోడా బండి అతను మమ్మల్ని చూసి, "ఏమన్నా, దినమూ వస్తాండావు, బస్సేమన్నా కొంటావా?" అన్నాడు. బేరం కుదరలేదని చెప్పినాను.

ఇంట్లో ఇద్దరికీ రెండు భయాలు పట్టుకున్నాయి. మానిపించినామని అనుకుందని నా భార్య. కర్నూలులో ఎవరో ఎక్కువిచ్చి ఎగరేసుకుపోయినారని నేను. ఒకసారి ధైర్యం చేసి ఫోన్ చేసినాం. ఎప్పుడొస్తుందని మాత్రం అడగొద్దు, అడిగితే సెలవును మనం కొలుస్తున్నట్లుంటుందని నా భార్య ముందే కట్టడి చేసింది. భర్త ఎత్తినాడు. వెనక మగ్గం చప్పుడు. అక్క నీళ్లకు పోయిందని, బాగుందని చెప్పి, "మీరెప్పుడొస్తారు?" అని అడిగినాడు. మర్యాదకు అడిగినాడనుకొని, వస్తాంలే బావా అని పెట్టేసినాను.

ఇంకో వారం పోయింది. పాప గడప మీద కూచోవడం కూడా మానేసింది. అది చూసి నా భార్య నా చేతికి సంచి ఇచ్చి, "పోయిరా. రాకపోయినా పర్వాలేదు, ఎందుకు రాలేదో తెలుసుకొని రా," అనింది. పాపను తీసుకొని ఎమ్మిగనూరు బస్సెక్కినాను.

మగ్గాల సందులోకి మలుపు తిరిగేసరికే పాప నా చెయ్యి విడిపించుకుంది. ఆ చప్పుడు దానికి తెలుసు. అక్క ఉయ్యాల ఊపుతా నాలుకతో చేసే చప్పుడు అదే. టక్ టక్, ఆగి, టక్.

వాళ్లింట్లో మాత్రం మగ్గం ఆగి ఉంది. భర్త గుంటలో కాళ్లు పెట్టుకొని ఊరికే కూచొని ఉన్నాడు. ఆయన ఎదురుగా నేల మీద అక్క. పాత పడుగు కొసలకు కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటీ కలిపి, వేళ్లకు బూడిద అద్దుకొని మెలి తిప్పుతాంది. అతకడమంటారు దాన్ని. పక్క గోడకు మేకు, మేకుకు ఆమె సంచి. మా ఇంటికి తెచ్చే సంచే.

భర్త నన్ను చూసి గుంటలోంచి కాళ్లు పైకి తీసుకున్నాడు.

"రా బామ్మర్దీ. అక్కను పిలవనీకి దారి ఇప్పుడు తెలిసిందా?"

నాకు అర్థం కాలేదు. అక్క చేతిలోని దారాన్ని వదలకుండానే చెప్పింది.

"పుట్టింటోళ్లు ఒడి నింపి పంపినాక, పిలవందే ఎట్లొస్తాదప్పా ఆడకూతురు?"

అప్పుడు తెలిసింది. మాకు ఒడి నింపడం వరకే గుర్తుంది. దాని వెనక ఉండేది గుర్తు లేదు. ఒడి నిండి గడప దాటిన ఆడబిడ్డ తనంతట తాను తిరిగి రాగూడదు. వెనక్కి తిరిగి చూడగూడదు. పుట్టింటి నుంచి మనిషి పోయి, పిలిచి తీసుకురావాల. జీతం దాచనీకి నేను పట్టుకున్న ఆచారాన్ని ఆమె నిజంగానే పట్టుకుంది. సెలవు అయిపోయిన ఆదివారమే సంచి సర్దుకొని మేకుకు తగిలించిందంట. సోమవారం ఆదోని బస్టాండులో మేం కూచున్నట్లే, ఎమ్మిగనూరులో ఆమె వాకిట్లో కూచుందంట. మా బస్సు కోసం.

"మీరు రాకపాయె. ఫోన్‌లో అడిగితే వస్తామంటిరి, మళ్లా రాకపాయె. లెక్క తీర్చి పంపినారేమో, అందుకే ఒడి నింపినారేమో అనుకుంటి," అనింది.

పాప ఇంతసేపూ నా కాళ్ల వెనక దాక్కొని ఉంది. అలిగింది. అక్క పిలవలేదు, చెయ్యి చాచలేదు. నాలుకతో టక్ టక్ అని, ఆగింది. మూడోది పాప చేసింది. చేసి, పోయి ఆ బూడిద చేతుల నడుమ కూచుంది.

"పో, నేను అతుక్కుంటాలే," అన్నాడు భర్త.

అక్క చేతులు కడుక్కొని మేకు మీది సంచి తీసుకుంది. ముగ్గురం బస్సెక్కినాం. ఆ బస్సు మా కోసమే వచ్చినట్లు ఖాళీగా ఉంది. ముందు సీటు, కిటికీ పక్కన అక్క, ఒడిలో పాప. కండక్టరు పాప మెడలో టికెట్ల సంచి వేసి, ఈ పూటకు నువ్వే కండక్టరమ్మవన్నాడు. దారి పొడుగునా పత్తి చేలు పూసి ఉన్నాయి, ఎండాకాలంలో. నేను చందమామ దుప్పటి సంగతి మళ్లీ ఎత్తుకుంటే, అక్క దానికి పేక వేసింది. దుప్పటి చందమామకు కాదంట, చందమామలోని కుందేలుకంట. అది మొన్ననే ఈనిందంట, బాలింతకు ఎండాకాలమైనా చలే గదా. పాప పొట్ట పట్టుకొని నవ్వింది. డ్రైవరు బస్టాండులో ఆపకుండా మా సందులోకే తిప్పి, మా గడప ముందు ఆపినాడు. నా భార్య చెంబుతో నీళ్లు తెచ్చి అక్క కాళ్లు కడిగింది.

ఇంతవరకు చదివినోళ్లకు నేనొకటి చెప్పాల. తక్కెడ మీద ఒట్టు పెట్టినాను గనక చెప్పక తప్పదు. నర్సు తాతా అన్నది నిజం. పత్తి మబ్బు నిజం, ఆలూరులో అడగండి. ఒడి, కవరు, మేకుకు సంచి, పాప చేసిన మూడో చప్పుడు, అన్నీ నిజం. నేను కల్పించింది ఆ బస్సు ఒక్కటే.

అక్క మాతో రాలేదు.

మేం పోయిన ముందు దినం దాకా ఆ సంచి సర్దే ఉందంట. ఆ పొద్దున దాంట్లోంచి చీర తీసి కట్టుకొని, అతకనీకి కూచుందంట. భర్తకు కండ్లు తగ్గినాయి. నేయగలడు, చెయ్యికి అలవాటు. దారం కొస మాత్రం కనపడదు. ఇన్నాళ్లూ పక్కింటోళ్లతో అతికించుకుంటా, వాళ్ల ఖాళీ కోసం మగ్గం ఆపుకుంటా నెట్టుకొచ్చినాడు. ఆదివారాలు మగ్గం ఆపేసేవాడు గనక, సెలవులో ఇంట్లో కూచున్నాకే ఆమెకు ఆ సంగతి తెలిసింది. నేను అతుక్కుంటాలే అని ఆయన అన్నది నిజమే. అంటా ఉంటే ఆయన వేళ్లు పడుగు మీద కొస కోసం వెతుక్కుంటానే ఉన్నాయి. దొరకలేదు. అక్క ఆ వేళ్లను చూసింది. నేనూ చూసినాను. అక్క మళ్లీ వేళ్లకు బూడిద అద్దుకుంది.

"అతకడం మొదలుపెట్టిన సెయ్యే ముగించాలప్పా. ఈ పడుగు నేసి కోసినాక రా. పిలిస్తే రాకుండా ఉంటానా?" అనింది.

పాప తిరుగు బస్సులో ఏడవలేదు. కిటికీ పక్కన కూచొని, పక్క సీటులో ఎవరినీ కూచోనియ్యలేదు. ఒక పెద్దాయన కూచోబోతే, అవ్వ వస్తాది, అనింది. ఆయన నిలబడే ఆదోని దాకా వచ్చినాడు.

పాప ఇప్పుడు బడికి పోతాంది. అన్నం తినేటప్పుడు మాత్రం ఆ తిరుగు ప్రయాణం చెప్పమంటుంది. మొదట నేను బస్సు ఒక్కటే చెప్పినాను. కండక్టరు సంచి తను కలిపింది. కుందేలు ఈనింది కూడా తను చెప్పిందే, అక్క చెప్పింది కాదు. ఒక్కొక్క ముద్దకు ఒక్కొక్క దారం వేసి, ఇద్దరం కలిసి ఆ బస్సును మా గడప దాకా తెచ్చినాం. అంతా అయినాక, పేక పడిందా నాన్నా, అని అడుగుతుంది. పడిందంటాను.

అప్పుడప్పుడు ఎమ్మిగనూరుకు ఫోన్ చేస్తాం. ఇప్పుడు మా ఇంట్లో ఆ చట్టం లేదు. ఒక పడుగు అయిపోయే ముందే ఇంకో పడుగు వచ్చి పడుతుంది, కొసలు అతుకుతా ఉంటుంది. ఈ తూరి పడుగు కొసకు వచ్చిందని మొన్న బావ చెప్పినాడు. నా భార్య రవికె గుడ్డ కొని పెట్టింది. కోసే దినం ఎప్పుడని నేను అడగలేదు. అడిగి, ఆ దినానికి పోతే మళ్లీ ఆలస్యమవుతుంది. ముందుగానే పోయి, వాకిట్లో కూచుంటాను.